పాత కార్ల మ్యూజియంల వారికి ఒక టింకరింగ్ మేస్త్రీ బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో పాత కార్లను ప్రదర్శనకు పెట్టిన ట్రస్టులకు, మ్యూజియంల నిర్వాహకులకు,
రెండు రాష్ట్రాల పర్యాటక, పురావస్తు, వారసత్వ శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ (బండ్ల బాడీ రేకు పని), పెయింటింగ్ షెడ్డు నడుపుకునేవాణ్ని. పాత కార్లంటే ప్రాణం. వాటిని తుక్కు కింద అమ్మేయకుండా కాపాడి, నలుగురికీ చూపిస్తున్నందుకు మీకు దండం పెట్టాలి, పెడుతున్నాను. ఇక అసలు విషయానికి వస్తాను.

కిందటేడు మా షెడ్డు కుర్రాళ్లనూ, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదువుతున్న మరికొందరినీ వెంటబెట్టుకుని ఒక మ్యూజియానికి వెళ్లాను. దాని పేరు రాయను. ఒక్కరిని పట్టుకుని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు, ఇవే లోపాలు వేరేచోట్ల కూడా చూశాను. టికెట్ల కిటికీ దగ్గరే మొదలైంది. విద్యార్థులకు రాయితీ అని బోర్డు ఉంది. ఐటీఐ కార్డులు చూపిస్తే, "ఇది స్కూలూ కాదు, కాలేజీ కాదు" అన్నాడు కిటికీలో అబ్బాయి. వాదించకుండా ఫుల్ టికెట్లే తీసుకున్నాం. లోపల బోర్డులన్నీ ఇంగ్లిషులోనే. గైడు మర్యాదస్థుడే, కాదనను. ఏ రాజావారు ఏ పెళ్లికి ఏ కారులో వెళ్లారో, ఇప్పుడు వేలం వేస్తే ఎన్ని కోట్లు పలుకుతుందో ధారాళంగా చెప్పాడు. మాతో వచ్చిన ఐటీఐ అమ్మాయి ఒక కారు తలుపు దగ్గర వంగి చూసి, "ఈ రేకు కింద చెక్క ఫ్రేమ్ ఉందా సార్?" అని అడిగింది. "బాడీ ఇంపోర్టెడ్ అమ్మా" అని చెప్పి ఆయన తర్వాతి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్న. ఆ కాలం కార్లలో చాలావాటికి బాడీ లోపల చెక్క చట్రమే ఉండేది. దానిమీద రేకు కొట్టి బిగించేవాళ్లు. మ్యూజియంలో ఆ మాట చెప్పే మనిషీ లేడు, బోర్డూ లేదు.

తర్వాత ఆ మ్యూజియం వారికి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాశాను. అందినట్టు కార్డు వచ్చింది, జవాబు రాలేదు. ఫోన్ చేస్తే సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. మా షెడ్ల వాళ్లం సంతకాలు పెట్టి ఇచ్చిన అర్జీ కౌంటర్‌లో తీసుకున్నారు గానీ, కాపీ మీద ముద్ర మాత్రం వేయలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, అందరి ముందూ రాస్తున్నాను.

1. కారు ఎవరిదో రాస్తున్నారు, ఎవరు చేశారో రాయడం లేదు.

నా ప్రధానమైన బాధ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తెలియని హైదరాబాదీ ఉండడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డరిచ్చారు. 1911లో ఆయన పోయారు. కారు ఏడో నిజాం కాలంలో వచ్చింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఇంతవరకూ అందరూ చెప్పేదే. రోల్స్ రాయిస్ వాళ్లు ఆ రోజుల్లో ఇంజనూ, ఛాసీ అనే కింది చట్రమూ మాత్రమే ఇచ్చేవారని, పైన కనిపించే ఆ సొగసంతా లండన్‌లో బార్కర్ అనే గుర్రపు బగ్గీల కంపెనీ షెడ్డులో తయారైందని ఎంతమందికి తెలుసు? అంటే జనం నోరు తెరిచి చూసేది వడ్రంగి పని, రేకు పని, తోలు పని, రంగు పని. ఆ కారు చాలా ఏళ్లు మూలనపడి ఉంది. మళ్లీ నిలబెట్టింది కూడా చేతిపనివాళ్లే.

లండన్ దాకా ఎందుకు? మద్రాసులో సింప్సన్ కంపెనీ 1840 నుంచి బగ్గీలు చేసింది, తర్వాత మోటారు బాడీలు కట్టింది. 1903లో అక్కడే ఆవిరితో నడిచే కారు తయారైంది. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ షెడ్లలో సుత్తి పట్టిన కమ్మరులూ వడ్రంగులూ ఎవరు? వాళ్లలో మనవాళ్లెందరు? ఒక్క బోర్డూ చెప్పదు. పోనీ వందేళ్ల కిందటి పేర్లు దొరకవనుకుందాం. మీ కార్లను ఈ ఇరవై ముప్పై ఏళ్లలో బాగుచేసిన మేస్త్రీల పేర్లు మీ బిల్లుల ఫైళ్లలోనే ఉంటాయి కదా. ఆలయ గోపురానికి చందా ఇచ్చిన వారి పేరు రాతిమీద చెక్కిస్తాం. కారుకు ప్రాణం పోసినవాడి పేరు చిన్న ఇత్తడి రేకుమీద రాయడానికి ఏం అడ్డం?

ఇది పేరుకోసం పాకులాట కాదు. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి ఇంట్లో రోజూ వినబడేది, చదువు అబ్బలేదు కాబట్టి షెడ్డులో పడ్డావనే మాటే. మ్యూజియంలో ఒక మేస్త్రీ ఫోటో, కింద అతని పేరు, అతను చేసిన పని కనబడితే ఆ కుర్రాడు తన చేతులకేసి చూసుకునే తీరు మారుతుంది.

2. బోర్డులు తెలుగులో లేవు.

టికెట్టు డబ్బులు తెలుగువాడి దగ్గరే తీసుకుంటున్నారు. ఇంగ్లిషు తీసేయమనడం లేదు, పక్కన తెలుగు పెట్టండి, హైదరాబాద్‌లో ఉర్దూ కూడా పెట్టండి. పెట్టేటప్పుడు మాత్రం ఒక్క మనవి: ఇంజనుకు యంత్రమనీ, గేరుకు ఇంకేదో అనీ ఎవరికీ తెలియని సంస్కృతం రాయించకండి. బానెట్, మడ్‌గార్డు, డైనమో, క్లచ్ అని మేం అన్నట్టే రాస్తే చాలు. అనుమానముంటే ఏ ఆటోనగర్‌లోనైనా అడగండి, టీ ఇప్పించి మరీ చెబుతారు.

3. బానెట్ ఎప్పుడూ మూసే ఉంటుంది.

తాడు కట్టి, ముట్టుకోవద్దని రాశారు. సబబే. ఉప్పు చెయ్యి తగిలితే నికెల్ పూత పాడవుతుందని మాకూ తెలుసు. కానీ నెలకొక్క రోజైనా, మీ మనిషి దగ్గరుండి బానెట్ తెరిచి చూపించవచ్చు కదా. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లలో కూడా పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ దాదాపు మాయమైంది, కార్లలో అంతకు చాలా ముందే పోయింది. ఇప్పుడు పని నేర్చుకునే పిల్లలు దానిలోని ఫ్లోట్ నీడిల్ ఎలా ఉంటుందో చూడకుండానే మేస్త్రీలు అయిపోతున్నారు. పెట్రోలు చిమ్మే జెట్టులో నలక పడితే ఇంజను ఎలా దగ్గుతుందో చెవితో పట్టుకునేవాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లే. రేపు మీ కారు ఇంజనే మొరాయిస్తే ఎవర్ని పిలుస్తారు? ఆ ఇబ్బంది మాకంటే ముందు మీకే వస్తుంది.

మరో మాట. ఏళ్ల తరబడి కదలకుండా నిలబెట్టిన కార్లకు టైర్లు కిందివైపు చదునుపడి ఉండటం కళ్లారా చూశాను. జాకీ స్టాండ్ల మీద పెట్టించండి. పెద్ద ఖర్చు కాదు.

4. బాగుచేయడం పేరుతో చరిత్రను గీకేస్తున్నారు.

ఇది నా సొంత పని గురించి కాబట్టి గట్టిగా చెప్పగలను. 1910ల నాటి కార్లకు రంగు బ్రష్షుతో వేసేవాళ్లు. పూత వేసి, ఆరబెట్టి, అరగదీసి, మళ్లీ పూత, చివర వార్నిష్. ఒక్క కారుకు వారాలు పట్టేది. 1920ల మధ్యలో డ్యూకో అనే రకం పెయింటు వచ్చాకే గంటల్లో ఆరే రంగు, స్ప్రే గన్ను వాడకంలోకి వచ్చాయి. మరి అంతకు ముందు కాలం కారుమీద ఈనాటి మెటాలిక్ రంగు కొట్టి, పైన రంగులేని మెరుపు పూత, అదే క్లియర్ కోట్ వేసి, అద్దంలా బఫింగ్ చేసి నిలబెడితే ఏమనాలి? ఎనభై ఏళ్ల అమ్మమ్మను బ్యూటీ పార్లర్‌కు తీసుకెళ్లి పెళ్లికూతుర్ని చేసినట్టుంటుంది.

లైనింగ్ సంగతి చూడండి. మడ్‌గార్డుల అంచున, తలుపుల మీద సన్నగా సాగే ఆ గీత ఉడత వెంట్రుకల పొడవాటి బ్రష్షుతో ఒక్క ఊపున లాగేది. దగ్గరికెళ్లి చూస్తే వంపు తిరిగే చోట గీత వెంట్రుకవాసి లావవుతుంది, మళ్లీ సన్నబడుతుంది. ఆ తేడాలోనే చెయ్యి తెలుస్తుంది. నేను చూసిన ఒక కారుమీద ఆ గీత టేపు అంటించి కొట్టింది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే మందం, ఒక మూల టేపు కింద రంగు పాకిన పళ్లు కూడా కనబడ్డాయి. పని తెలిసినవాళ్లు లేరా అంటే ఉన్నారు, కొద్దిమందే అయినా ఉన్నారు. వాళ్లను ఎవరూ పిలవరు. టెండర్ వేసేది పెద్ద కంపెనీలు, పని చేసేది సబ్ కాంట్రాక్టులో ఎవరో.

రంగు గీకేముందు పాత పొరల ఫోటోలు తీయించండి. అరచేయంత మేరైనా పాత రంగును అలాగే ఉంచండి. ఒక్క కారునైనా, దొరికినప్పుడు ఎలా ఉందో అలాగే, తుప్పుతో సహా ప్రదర్శనకు పెట్టండి. జనానికి అదే ఎక్కువ నచ్చుతుందని నా అంచనా.

5. బండిమీద బొమ్మ వేసేవాడిని కళాకారుడిగా గుర్తించడం లేదు.

1975లో అలెగ్జాండర్ కాల్డర్ అనే అమెరికన్ శిల్పి ఒక బీఎండబ్ల్యూ రేసు కారుకు రంగులు వేస్తే అది ఆర్ట్ కార్ అయింది. 1979లో ఆండీ వార్హోల్ అనే మరో అమెరికన్ కళాకారుడు ఇంకో బీఎండబ్ల్యూకు అరగంట లోపే బ్రష్షుతో రంగు పులిమేశాడు, అదీ ప్రపంచ ప్రసిద్ధమైంది. మంచిదే. మరి మా ఆటోనగర్ బాడీ బిల్డింగ్ షెడ్లలో లారీ వెనక తలుపు మీద నెమళ్లు, పులులు, ఓనరు ఇలవేల్పు, వాళ్ల పిల్లల పేర్లు, "నన్ను చూసి ఏడవకురా" అనే అక్షరాలు తీర్చిదిద్దినవాడు ఎవరు? పెయింటర్. అంతే, కూలీ లెక్క.

పాకిస్తాన్‌లో లారీల మీద బొమ్మలు వేసే హైదర్ అలీని 2002లో వాషింగ్టన్‌కు పిలిపించారు. స్మిత్‌సోనియన్ జానపద ఉత్సవంలో, జనం చూస్తుండగా లారీకి రంగులు వేయించారు. మన దగ్గర మాత్రం రేడియం స్టిక్కర్ కటింగ్ మిషన్ వచ్చాక చేతి రాత పెయింటర్లు బోర్డులకు మళ్లారు, ఫ్లెక్సీ వచ్చి ఆ బోర్డులనూ తినేసింది. ఇప్పుడు చాలామంది అపార్టుమెంట్లకు డిస్టెంపర్ వేస్తున్నారు. అక్షరం మీద అంత పట్టున్న చేతులతో గోడలకు సున్నం కొట్టించడం ఊరికి నష్టమా కాదా, మీరే చెప్పండి.

మ్యూజియంలలో ఒక లారీ వెనక తలుపు, ఒక రిక్షా టాపు, చేత్తో రాసిన నంబరు ప్లేట్లు పెట్టండి. పెయింటర్‌ను పిలిచి అక్కడే పని చేయించండి. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. బర్గర్, క్రికెట్ బ్యాట్, కెమెరా ఆకారాల్లో నడిచే బండ్లున్నాయి అక్కడ. అక్కడి పిల్లల సందడి చూసినవాళ్లెవరూ బండి తయారీ జనానికి విసుగనరు.

6. సామాన్యుడు ఎక్కిన బండి ఎక్కడ?

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ప్యాకార్డు, జాగ్వార్ చూడొచ్చు. బాగుంది. కానీ మా నాన్న తరం ఎక్కింది ఆర్టీసీ బస్సు. 1932 జూన్‌లో దానికి మూలమైన నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది కార్మికులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఆర్టీసీ వాళ్లు కాపాడుకున్నారు, వాళ్లకు వేయి నమస్కారాలు. 1942లో పెట్టిన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది, జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేసింది. ఆ లారీ ఒక్కటైనా తుక్కుకు పోకుండా ఉండగానే తెచ్చి పెట్టాలి.

ఇందులో చట్టం తిరకాసు కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండే వింటేజ్. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. ఇటు చూస్తే 15 ఏళ్లు దాటిన కారుకు మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 అయింది. అంటే పదిహేనేళ్లకూ యాభై ఏళ్లకూ మధ్య ఉన్న బండిని కాపాడేవాడు లేడు. మారుతి 800 మొదటిసారి రోడ్డెక్కింది 1983 చివర్లో. ఆనాటి బండి వింటేజ్ అనిపించుకోవాలంటే 2033 దాకా ఆగాలి. ఈలోపు తుక్కు కొట్టు ముందే ఉంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కూడా మా పక్క సందులోనే గ్యాస్ కట్టర్‌తో ముక్కలవుతున్నాయి. డోర్ హ్యాండిళ్లు మాత్రం ఎవరో ఊడబెరుక్కుని దాచుకుంటారు. మంచి నడక ఉన్న బండిని మ్యూజియానికి ఇస్తానని ఓనరు ముందుకొస్తే తీసుకునే దారీ, ఫీజు మాఫీ చేసే జీవో ఉండాలి. ఇది ప్రభుత్వాలు చేయాల్సిన పని.

హర్యానాలోని తావడూలో 2013లో తెరిచిన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంలో పల్లకీ నుంచి ఆటోరిక్షా దాకా ఉన్నాయి. అక్కడ వీలైంది ఇక్కడ ఎందుకు కాదు?

7. "మాది ప్రైవేటు ట్రస్టు, మా ఇష్టం" అనే జవాబు గురించి.

ఫోన్‌లో ఒకాయన ఇంచుమించు ఇదే అన్నాడు. కాదనను, ఆస్తి మీదే. కానీ ఫ్రాన్స్‌లో మల్హౌస్ అనే ఊరి కథ చెబుతాను. ష్లుంప్ఫ్ సోదరులకు అక్కడ ఉన్ని మిల్లులుండేవి. మిల్లు షెడ్డులో ఎవరికీ తెలియకుండా వందల కార్లు పోగేశారు, అందులో బుగాటీ అనే ఖరీదైన కార్లే గుట్టలు. మిల్లులు దివాలా తీసి కార్మికులు రోడ్డున పడ్డారు. 1977 మార్చిలో ఆ కార్మికులే షెడ్డు తలుపులు తెరిచి లోపలికి వెళ్తే తమ కష్టం ఎక్కడికి పోయిందో కనబడింది. సుమారు రెండేళ్లు దాన్ని తమ చేతిలో ఉంచుకుని జనాన్ని పిలిచి చూపించారు. చివరికి 1982లో అది జాతీయ మ్యూజియంగా తెరుచుకుంది. ఆ కార్లు చెల్లాచెదురై ఊరు దాటకపోవడంలో ఆ మిల్లు కార్మికుల వంతు ఎంతో ఉంది. మేమేమీ తలుపులు బద్దలు కొడతామని కాదు, కంగారు పడకండి. కారుకు యజమాని ఒకడే అయినా దాని వెనక హక్కుదారులు చాలామంది ఉంటారని చెప్పడానికే.

8. టికెట్లు.

ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలూ విద్యార్థులే. షెడ్డు కుర్రాడికి ఒక రోజు రావడమంటే ఆ రోజు కూలి పోయినట్టే, పైన బస్సు ఛార్జీలు, టికెట్టు, ఫోన్‌తో ఫోటోకు మళ్లీ డబ్బులు. ఇంత పెట్టి వచ్చి ఇంగ్లిషు బోర్డు ముందు నిలబడి సెల్ఫీ దిగి వెళ్లడం తప్ప వాడికి మిగిలేదేమిటి?

మేం అడిగేవి అన్నీ ఒక్కరోజులో అయ్యేవి కావని తెలుసు. అందుకే ముందు నాలుగింటికి గడువు పెడుతున్నాం. వచ్చే దసరా లోపు ప్రతి కారు దగ్గరా తెలుగు బోర్డు, దానిమీద బాగుచేసినవాళ్ల పేర్లు. ఐటీఐ కార్డుకు స్కూలు పిల్లల రాయితీ. నెలకొకసారి బానెట్ తెరిచే రోజు. ఆయుధపూజ నాడు మెకానిక్కులకు, టింకర్లకు, పెయింటర్లకు, డ్రైవర్లకు ఉచిత ప్రవేశం. ఆ రోజు మేం ఎలాగూ పానాలూ సుత్తులూ కడిగి బొట్టుపెట్టి షెడ్డు మూసేస్తాం, కాబట్టి కూలి పోదు.

మిగిలినవి, అంటే లారీ బొమ్మల విభాగం, సామాన్యుల బండ్ల సేకరణ, పాత మేస్త్రీల మాటలు రికార్డు చేసి దాచడం, వీటికి రెండు ప్రభుత్వాలూ పని తెలిసినవాళ్లతో ఒక కమిటీ వేయాలి. అందులో ప్రొఫెసర్లతో పాటు కనీసం ఇద్దరు మేస్త్రీలుండాలి. మీటింగ్ ఆదివారం పెడితే వస్తాం.

తెలుగు బోర్డులు రాయడానికి మనుషులు కావాలంటే మా దగ్గర చేతిరాత పెయింటర్లున్నారు. మొదటి బోర్డుకు డబ్బులు తీసుకోబోమని వాళ్లే చెప్పమన్నారు, రెండోదాని నుంచి మాత్రం రేటు ఉంటుంది.

జవాబు ఈసారి కాగితం మీద, సంతకంతో పంపండి. షెడ్డులో అందరి ముందూ చదువుతాను. రాకపోతే అర్జీ కాపీలు తీసుకుని దసరా మర్నాడు మీ మీ ఆఫీసుల దగ్గరికే వస్తాం, ఈసారి ముద్ర వేయించుకునే వెళ్తాం.

ఇట్లు,
ఒక టింకరింగ్, పెయింటింగ్ మేస్త్రీ,
తోటి షెడ్లవారి తరఫున,
ఆటోనగర్, విజయవాడ